కొంగ కాళ్ళ దాకా నీళ్ళు

మా అవ్వ వాళ్ళ ఊరికి పోయే దారిలో ఒక చెరువు ఉంది. కట్ట మొదట్లో సిమెంటు కొంగ ఒకటి నిలబడి ఉంటుంది. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు జూన్ 5న, పర్యావరణ దినం రోజు దాన్ని పెట్టారు. తెల్ల రంగు, పసుపు ముక్కు, కింద నీటిని కాపాడమని కన్నడంలో రాత. మొన్న వేసవి సెలవుల్లో చూస్తే ఒక రెక్క ఊడిపోయి లోపలి కమ్మీ తుప్పు పట్టి బయటికి వచ్చింది. రాత సగం చెరిగిపోయింది. దాని వెనకాల చెరువులో నీళ్ళు లేవు, సర్కారు తుమ్మ ఉంది. నిజం కొంగ ఒక్కటి కూడా కనిపించలేదు.

బస్సులో పక్కన కూర్చున్న మా అవ్వ అంది, "కొంగను పెట్టినారు గానీ దానికి నీళ్ళు పెట్టలేదు కదమ్మా" అని.

ఆ మాట నన్ను వదల్లేదు. కోలారు జిల్లా అంటే రాళ్ళ జిల్లా. దేశమంతా దేవుళ్ళను చెక్కి పంపే శిల్పులు ఇక్కడ ఉన్నారు. ఇలాంటి చోట చెరువు గురించి, నేల గురించి చెప్పే ఒక పెద్ద రాతి శిల్పం ఆరుబయట పెట్టాలంటే ఏం చేయాలి? ఏ రాయి, ఎంత బరువు, ఎన్ని పనులు, ఎవరి చేతులు? అసలు అది చెరువుకు ఏమైనా ఉపయోగపడుతుందా? నాకు తెలిసినంతలో వరుసగా చెప్తాను. శిల్పశాస్త్రం నా సబ్జెక్టు కాదు. తప్పులుంటే మేడమ్‌లు దిద్దాలి.

రాయి చేత చెప్పించడం కొత్త పని కాదు

పర్యావరణ శిల్పం అనే మాట కొత్తగా వినిపిస్తుంది గానీ, నీటి గురించి రాతి మీద చెప్పి ఆరుబయట నిలబెట్టడం మన వాళ్ళకు బాగా పాత అలవాటు. కడప జిల్లా పోరుమామిళ్ళలో 1369 నాటి శాసనం ఉంది. విజయనగర రాజకుమారుడు భాస్కరుడు అక్కడ పెద్ద చెరువు తవ్వించి వేయించిన శాసనం అది. సంస్కృతంలో ఉంటుంది. మంచి చెరువుకు ఉండాల్సిన 12 అంగాలు, ఉండకూడని 6 దోషాలు అందులో చెక్కారు. రెండేళ్ళ పాటు రోజూ వెయ్యి మంది పని చేశారనీ, రాళ్ళు మోయడానికి వంద బండ్లు పెట్టారనీ లెక్క కూడా అందులోనే ఉంది. ఆ 12 అంగాల్లో ఒకటి నాకు చాలా నచ్చింది. దగ్గర్లో తిన్నని, పొడవాటి రాళ్ళు దొరికే గని ఉండాలట. చెరువుకూ రాతికీ ఉన్న చుట్టరికం అప్పుడే రాసిపెట్టారన్నమాట. దోషాల్లో ఒకటి రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండటం. మూడు రాష్ట్రాల మొగలో ఉన్న మన జిల్లా వాళ్ళకు ఆ దోషం ఎందుకు దోషమో విడమరిచి చెప్పక్కర్లేదు.

బయటి దేశాల్లోనూ ఇలాంటి రాళ్ళు ఉన్నాయి. చెక్ దేశంలో ద్యెచీన్ అనే ఊరి దగ్గర ఎల్బా నదిలో ఒక గుండు ఉంది. నది బాగా ఎండినప్పుడే అది పైకి తేలుతుంది. పాతకాలం వాళ్ళు కరువు వచ్చిన ప్రతిసారీ దాని మీద ఆ ఏడు చెక్కారు. చదవడానికి వీలైన వాటిలో పాతది 1616. నేను కనిపించానంటే మీకు ఏడుపే మిగిలిందని అర్థం వచ్చే మాట కూడా దాని మీద ఉంది. వాటిని ఆకలి రాళ్ళు అంటారు. జపాన్‌లో అనెయోషి అనే పల్లెలో ఇంకొక రాయి ఉంది. ఈ చోటు కంటే దిగువన ఇళ్ళు కట్టుకోవద్దని దాని మీద పెద్దలు చెక్కించారు. 2011లో సునామీ వచ్చినప్పుడు అలలు ఆ రాతికి కిందనే ఆగిపోయాయి. మాట విని పైన ఇళ్ళు కట్టుకున్న వాళ్ళ ఇళ్ళు నిలిచాయి.

ఈ మూడు రాళ్ళలో ఒక పోలిక ఉంది చూడండి. ఏదీ ఊరికే పర్యావరణాన్ని కాపాడండి అని చెప్పదు. చెరువు ఎలా ఉండాలో ఒకటి చెప్తుంది. నీళ్ళు ఎంత తగ్గాయో ఒకటి చూపిస్తుంది. ఎక్కడ ఇల్లు కట్టకూడదో ఒకటి గీత గీస్తుంది. మా సిమెంటు కొంగకు లేనిది అదే.

మన రాయి, మన చేతులు

కోలారు నేలలో ముఖ్యంగా రెండు రకాల రాళ్ళు. ఉత్తర దక్షిణాలుగా సన్నటి పట్టీలాగా నల్లటి రాతి పొర ఒకటి పోతుంది. కేజీఎఫ్ బంగారం ఆ పట్టీలోనిదే. దాని వయసు దాదాపు 270 కోట్ల ఏళ్ళు. ఆ పట్టీకి రెండు వైపులా ఉన్నది బూడిద రంగు, లేత గులాబీ రంగు గ్రానైటు జాతి రాయి. టేకల్ దగ్గర, ముళబాగిలు దగ్గర ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు కనిపించే గుండ్లు ఇదే. అయితే ఎక్కడ పడితే అక్కడ ఉలి పెట్టకూడదు. కేజీఎఫ్ దగ్గర పెద్దపల్లిలో అగ్నిపర్వతం నుంచి ఏర్పడిన పాత రాళ్ళు ఉన్నాయి. వాటిని జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించారు. అలాంటి రాయి ఎవరూ చెక్కకుండానే శిల్పం.

ఇక చేతులు. మాలూరు తాలూకా శివారపట్న పేరు మీలో చాలామంది వినే ఉంటారు. తరతరాలుగా రాతి విగ్రహాలు చెక్కే ఊరు అది. వీధిలో నడుస్తుంటే ఇంటింటి ముందూ సగం పూర్తయిన వినాయకుడో నందో ఉంటారు. ఉలి చప్పుడు ఆగదు. ముళబాగిలు దగ్గర కురుడుమలెలో 13 అడుగులకు పైగా ఎత్తున్న ఏకశిలా గణపతి, ఆవనిలో నొళంబుల కాలపు రామలింగేశ్వర ఆలయాలు చూస్తే ఈ విద్య ఇక్కడ ఎంత పాతదో తెలుస్తుంది. కేజీఎఫ్ పక్కన కమ్మసంద్ర కోటిలింగేశ్వరలో 108 అడుగుల లింగం ఉంది కానీ అది కట్టింది, ఒకే రాతిలో చెక్కింది కాదు. ఈ తేడా గుర్తుంచుకుంటే బరువుల లెక్క తర్వాత బాగా అర్థమవుతుంది.

శిల్పి కంటే ముందు ఇంకొకరున్నారు. వాళ్ళ పేరు ఎక్కడా చెక్కరు. కొండ నుంచి రాయిని చీల్చి తీసే వడ్డెరలు. కర్ణాటకలో భోవి అంటారు. చాలా ఇళ్ళలో మాట్లాడేది తెలుగే. వాళ్ళలో మన్ను వడ్డెరలు చెరువులు తవ్వారు, రాతి వడ్డెరలు తూములకు, మెట్లకు రాళ్ళు కొట్టారు. రాయి, చెరువు రెండూ ఒకే జనం చేతుల్లోంచి వచ్చాయి. ఈ జిల్లాలో చెరువు శిల్పం పెడితే వాళ్ళకు దాని మీద చోటు ఉండాలని నా అభిప్రాయం.

మొదట మాట, తర్వాత రాయి

శిల్పం పని ఉలితో మొదలవుతుందని నేను అనుకునేదాన్ని. కాదు. ఏం చెప్పాలో తేల్చుకోవడంతో మొదలవుతుంది. ఒక ఉదాహరణ పెట్టుకుని చూద్దాం.

మా సిమెంటు కొంగనే రాతి కొంగగా మార్చామనుకోండి. పది అడుగుల ఎత్తు, నాలుగడుగుల వెడల్పు, మూడడుగుల మందం ఉన్న ఒక నిలువు రాయి. దాన్ని కట్ట మీద కాకుండా చెరువు లోపల, ఒడ్డుకు దగ్గరగా నిలబెడతాం. పైన కొంగ. చెరువు నిండి మరవ పారే మట్టానికి నీళ్ళు వస్తే సరిగ్గా కొంగ కాళ్ళను తాకాలి. (మరవను మా నాన్న కన్నడంలో కోడి అంటారు. మా ఇంట్లో రెండు మాటలూ నడుస్తాయి.) కొంగ కింద చేపలు చెక్కుతాం. నీళ్ళు తగ్గితే చేపలు బయటపడతాయి. ఇంకా కింద, తవ్వే మనిషి, మట్టి తట్ట ఎత్తుకున్న ఆడమనిషి. అందరికంటే అడుగున బోర్లించిన కడవ. కడవ కనిపించిందంటే చెరువు ఎండిపోయినట్టు. చదువు రాని వాళ్ళకు కూడా ఈ శిల్పం అర్థమవుతుంది. రోజూ మారే నీటితో కలిస్తేనే ఇది పూర్తవుతుంది.

దీన్ని ముందు కాగితం మీద గీస్తారు. తర్వాత బంకమట్టితో అడుగు ఎత్తు నమూనా చేస్తారు. నమూనా మీద గళ్ళు గీసి, అవే గళ్ళను పదింతలు పెద్దవి చేసి రాతి మీద ఎర్రమన్నుతో గుర్తులు పెడతారు. కొలత తప్పితే మట్టిని మళ్ళీ అతికించవచ్చు, రాతిని అతికించలేం. అందుకే నమూనా దగ్గర ఎంత ఆలస్యమైనా పరవాలేదంటారు.

రాయిని ఎలా పరీక్షిస్తారు

రాతిని సుత్తితో కొట్టి చప్పుడు వింటారు. గంటలాగా ఖంగుమంటే లోపల పగుళ్ళు లేనట్టు. బొద్దుగా మోగితే ఎక్కడో చీలిక ఉన్నట్టు. శిల్పశాస్త్రాల్లో ఈ చప్పుడును బట్టి పురుష శిల, స్త్రీ శిల, నపుంసక శిల అని పేర్లు పెట్టారు. దేవుడికి పురుష శిల, దేవికీ పీఠానికీ స్త్రీ శిల, అడుగు పునాదికి నపుంసక శిల అని. మన కాలేజీలో ఈ వాక్యం చదివి ఎవరికైనా కోపం వస్తే న్యాయమే. పేర్లు పక్కన పెడితే పరీక్ష మాత్రం సరైనది. ఇంకొక పరీక్ష నీళ్ళది. రాతిని తడిపి ఆరనిస్తే, సన్నటి పగులు ఉన్నచోట తడి ఆలస్యంగా ఆరుతుంది. గీతలాగా కనిపిస్తుంది.

విగ్రహాలకు ఎక్కువగా వాడే నల్లటి కృష్ణశిల మెత్తగా ఉంటుంది. నగలు, కనురెప్పలు కూడా చక్కగా వస్తాయి. గర్భగుడిలో దానికి సాటి లేదు. కానీ చెరువులో ఎండకూ వానకూ నిలవాలంటే ఇక్కడి గ్రానైటే మేలు. చెక్కడం కష్టం, సన్నటి పని రాదు. కానీ వందల ఏళ్ళు ఉంటుంది. మన ఊళ్ళ పొలాల్లో వీరగల్లులు ఇంకా నిలబడి ఉన్నది అందుకే.

ఇప్పుడు బరువు. గ్రానైటు ఘనపు మీటరుకు దాదాపు 2.7 టన్నులు, అంటే ఘనపు అడుగుకు సుమారు 76 కిలోలు. మన రాయి 10 × 4 × 3, అంటే 120 ఘనపుటడుగులు. బరువు 9 టన్నులకు పైనే. పెద్ద ఏనుగులు రెండు కలిస్తే ఎంతో దాదాపు అంత.

ఇక్కడే ఒక నిర్ణయం తీసుకోవాలి. నాలుగు వైపులా చుట్టి చూసేలా చెక్కాలా, లేక వీరగల్లు మాదిరి ఒక వైపు ఉబ్బెత్తుగా చెక్కాలా? ఢిల్లీలో ఇండియా గేట్ దగ్గర 2022 సెప్టెంబర్ 8న ఆవిష్కరించిన నేతాజీ విగ్రహం చూడండి. 28 అడుగులు. ఆ రాయి మన తెలంగాణ ఖమ్మం నుంచి పోయింది. 140 చక్రాల లారీ మీద 1,665 కిలోమీటర్లు తీసుకుపోయారు. చెక్కడానికి 26,000 గంటల పని పట్టింది. మొదట రాయి 280 టన్నులు, పూర్తయిన విగ్రహం 65 టన్నులు. అంటే తీసేసిన రాయి 215 టన్నులు. నూటికి 76 పాళ్ళు పైనే. శిల్పి తప్పేం లేదు, నిలువు విగ్రహం అంటే అంతే. కానీ ప్రకృతి గురించి చెప్పే శిల్పానికి నాలుగింట మూడు వంతులు పోగొట్టడం బాగుండదు. ఉబ్బెత్తు శిల్పమైతే ముందు వైపు నాలుగైదు అంగుళాల లోతు తీస్తే చాలు. వెనక వైపు కొండ రాయి ఎలా ఉందో అలానే ఉంచవచ్చు.

క్వారీల దగ్గర ఇంకొక సంగతి. రంగు కలవలేదనీ, మచ్చ ఉందనీ పలకలుగా కోయడానికి పనికిరాని దిమ్మెలను పక్కన పడేస్తారు. ఫ్లోరింగ్ కోసం అవి అమ్ముడుపోవు. చప్పుడు బాగుంటే శిల్పానికి మచ్చ అడ్డం కాదు. కొత్తగా కొండను చీల్చకుండా అలాంటి దిమ్మెను తెచ్చుకుంటే సగం పుణ్యం అక్కడే వస్తుంది.

చెక్కడం

ముందు పెద్ద ముక్కలు తీస్తారు. పూర్వం వరుసగా గుంటలు కొట్టి, వాటిలో ఇనుప చీలలు దిగ్గొట్టి రాతిని విడదీసేవారు. ఇప్పుడు కట్టర్‌తో దగ్గర దగ్గరగా గాళ్ళు పెట్టి, మధ్యలో మిగిలిన పలుచటి రాతి రేకులను సుత్తితో రాలగొడతారు. తర్వాత మొనదేలిన ఉలితో ఆకారం తెస్తారు. గ్రానైటుకు మామూలు ఉక్కు ఉలి త్వరగా మొద్దుబారుతుంది కాబట్టి కార్బైడ్ మొన ఉన్నవి వాడుతున్నారు. ఆ తర్వాత చదును ఉలి, చివర్లో సానరాయి.

ఆరుబయట శిల్పానికి ప్రత్యేకంగా చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. సన్నగా బయటికి పొడుచుకు వచ్చేవి ఉండకూడదు. కొంగ మెడ, ముక్కు, కాళ్ళు వెనకాల తల్లిరాతిని వదలకూడదు. లేకుంటే పిల్లలు ఎక్కి ఊగిన మొదటి రోజే విరుగుతాయి. నీళ్ళు నిలిచే గుంటలు ఉండకూడదు, పైభాగాలన్నీ కొంచెం వాలుగా ఉండాలి. అక్షరాలు లోతుగా, కోసుగా చెక్కాలి. నున్నగా మెరుగు పెట్టక్కర్లేదు. మోటుగా ఉంటేనే పొద్దుటి ఎండ, సాయంత్రపు ఎండ ఏటవాలుగా పడి నీడలతో బొమ్మ లేస్తుంది. ముఖాన్ని ఉత్తరం వైపు పెడితే ఏడాదిలో ఎక్కువ రోజులు నీడలోనే ఉండి చప్పగా కనిపిస్తుంది. తూర్పుకో పడమరకో పెట్టాలి.

దుమ్ము సంగతి

ఇది రాయకుండా పోతే ఈ వ్యాసం అబద్ధం అవుతుంది. గ్రానైటులో పాతిక పాళ్ళు, కొన్నిట్లో ఇంకా ఎక్కువ, స్ఫటికం ఉంటుంది. అంటే సిలికా. కట్టర్ పెట్టినప్పుడు లేచే తెల్ల పొగలో కంటికి కనిపించనంత సన్నటి సిలికా పొడి ఉంటుంది. అది ఊపిరితిత్తుల్లోకి పోయి అక్కడే ఉండిపోతుంది. ఏళ్ళ తరబడి పీలిస్తే సిలికోసిస్ వస్తుంది. దానికి నయం చేసే మందు లేదు.

ఈ జబ్బుకూ మన జిల్లాకూ పాత సంబంధం ఉంది. భారతదేశంలో సిలికోసిస్‌ను మొదట నమోదు చేసింది కోలారు బంగారు గనుల కార్మికుల్లోనే. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. 120 ఏళ్ళలో 800 టన్నుల బంగారం తీశారు. చాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లు దాటి లోతుకు పోయింది. ఆ బంగారం కోసం పొడిచేసిన రాయి మాత్రం ఇక్కడే ఉంది. కేజీఎఫ్‌లో తెల్లగా, చదునుగా కనిపించే ఆ సైనైడ్ దిబ్బలు మూడు కోట్ల టన్నులకు పైనే ఉంటాయని లెక్క. గాలి కాలంలో ఆ పొడి ఊరి మీదికి వస్తుంది. సినిమా షూటింగులకు వచ్చిన వాళ్ళకు అవి అందంగా కనిపిస్తాయి. బట్టలు ఆరేసుకునే వాళ్ళను అడిగితే వేరే మాట చెప్తారు. నన్నడిగితే జిల్లాలో అన్నిటికంటే పెద్ద పర్యావరణ శిల్పం అదే. ఎవరూ కావాలని చెక్కలేదు, అంతే.

అందుకని మన కొంగను చెక్కేటప్పుడు కొన్ని పద్ధతులు తప్పనిసరిగా పెట్టుకోవాలి. కట్టర్ తిరిగే చోట నీటి ధార పడుతూ ఉండాలి. తడి రాయి దుమ్ము తక్కువగా లేపుతుంది. ముఖానికి కండువా కట్టుకుంటే చాలదు, సన్నటి పొడిని ఆపే మాస్కు కావాలి. పని ఇంటి వరండాలో కాకుండా గాలి ఆడే చోట, పిల్లలకు దూరంగా జరగాలి. దీనికి డబ్బు అవుతుంది. ఆ డబ్బును శిల్పి కూలిలో తగ్గించకుండా మొదటి బడ్జెట్‌లోనే వేరేగా రాసుకోవాలి. ఒకరి ఊపిరి తీసి ప్రకృతి గురించి చెప్తే ఆ శిల్పం ముందు మనం ఎలా నిలబడతాం?

తీసుకుపోవడం, నిలబెట్టడం

పెద్ద రాతి పనిలో ప్రమాదం ఎక్కువగా చెక్కేటప్పుడు కాదు, కదిలించేటప్పుడు. హైదరాబాద్ హుస్సేన్ సాగర్‌లోని బుద్ధుణ్ణి మీరందరూ చూసి ఉంటారు, ఫోటోలోనైనా. 18 మీటర్ల ఏకశిల. భువనగిరి దగ్గర రాయగిరి గ్రానైటు. గణపతి స్థపతి ఆధ్వర్యంలో చెక్కారు. బరువు దాదాపు 350 టన్నులు. 1990 మార్చిలో పడవ మీద తీసుకుపోతుండగా విగ్రహం ఒరిగి నీళ్ళలో మునిగింది. మనుషులు చనిపోయారు. రెండేళ్ళకు పైగా బుద్ధుడు చెరువు అడుగునే ఉన్నాడు. 1992 డిసెంబర్‌లో పైకి తీసి నిలబెట్టారు. మనది 9 టన్నులే కదా అనుకోకూడదు. ఒక మనిషి కాలి మీద పడటానికి 9 టన్నులు అక్కర్లేదు.

రాతిని లారీలో పడుకోబెట్టి, కింద చెక్క దిమ్మెలు వేసి, బెల్టులతో బిగించాలి. ఎత్తడానికి గొలుసులు వాడితే అంచులు రాలతాయి, వెడల్పాటి నైలాన్ బెల్టులు మేలు. బరువు మోసే క్రేన్, అది నిలబడటానికి గట్టి నేల ముందే చూసుకోవాలి. చెరువులో పని కాబట్టి ఎండాకాలంలో, అడుగు ఎండి ఉన్నప్పుడే పెట్టాలి. మా కొంగకు చెరువు ఎండటం ఒక్కసారి మాత్రం మంచిదన్నమాట.

నిలబెట్టే చోటు చాలా ముఖ్యం. కట్ట మీద మాత్రం పెట్టకూడదు. చెరువు కట్ట మట్టిది. దాన్ని తవ్వి బరువు పెడితే అక్కడి నుంచే నీరు ఊరడం మొదలవుతుంది. పోరుమామిళ్ళ శాసనం చెప్పిన ఆరు దోషాల్లో మొదటిది కట్ట నుంచి నీరు ఊరడమే. తూము దారికి, మరవ దారికి అడ్డం రాకూడదు. లోపల ఒండ్రుమట్టిని తీసేసి గట్టి మొరం తగిలేదాకా గుంట తవ్వాలి. పదడుగుల రాతిలో మూడడుగులు భూమిలోకి పోవాలి. చుట్టూ రాళ్ళు కూరి బిగించాలి. నీటి మట్టాన్ని సర్వే లెవెల్‌తో కొలిచి మరవ ఎత్తుకు కొంగ కాళ్ళు సరిపోయాయో లేదో చూసుకోవాలి. కంటి అంచనాతో పెడితే కొంగ అబద్ధం చెప్తుంది. చెరువు చిన్నదైతే పంచాయతీ వాళ్ళనూ, పెద్దదైతే చిన్న నీటిపారుదల శాఖనూ ముందే అడగాలి.

పెట్టాక రంగు వేయకూడదు. మన ఊళ్ళలో శాసనాలకు సున్నం, వీరగల్లులకు ఆయిల్ పెయింట్ వేస్తారు. భక్తితోనే వేస్తారు గానీ అక్షరాలు పూడిపోతాయి.

రాయితో పాటు ఇవ్వాల్సింది

చివరిగా అసలు సంగతి. 1905లో బి.ఎల్. రైస్ కోలారు జిల్లా శాసనాలన్నిటినీ ఒక సంపుటంగా ప్రచురించారు. ఎపిగ్రాఫియా కర్ణాటికా పదో సంపుటం. మన జిల్లా శాసనాల్లో చెరువుల మాట మళ్ళీ మళ్ళీ వస్తుంది. చెరువు కట్టించిన వాళ్ళకు, తెగితే బాగు చేయించిన వాళ్ళకు, ఏటా పూడిక తీయించే వాళ్ళకు ఆ చెరువు కింద భూమి ఇచ్చేవారు. కన్నడంలో కట్టుకొడుగె, బిత్తువట్ట అన్నారు. తెలుగులో దశబంధం అన్నారు. రాతి మీద చెక్కింది ఆ ఒప్పందాన్ని. ఎవరు చూసుకోవాలి, దానికి వాళ్ళకు ఏం దక్కుతుంది, ఎవరూ కాదనకుండా ఆ రాయి సాక్ష్యం. అంటే మన పూర్వులకు ముందు పని ఉంది, తర్వాత ఆ పనికి గుర్తుగా రాయి వచ్చింది. ఇప్పుడు మనం రాయి పెట్టి, ఫోటో దిగి, పని మర్చిపోతున్నాం.

కోలారులో ఏడాది పొడవునా పారే నది లేదు. బోర్లు వెయ్యి అడుగులు దాటి పోయాయి. వచ్చే నీళ్ళలో ఫ్లోరైడ్. 2018 నుంచి కేసీ వ్యాలీ పథకంలో బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి మన చెరువులకు వదులుతున్నారు. చెరువులు నిండుతున్నాయని కొందరు సంతోషిస్తున్నారు, ఆ నీళ్ళు ఇంకా శుభ్రం చేయాలని కొందరు కోర్టుకు కూడా పోయారు. ఇలాంటి సమయంలో చెరువులో నిలబడే రాతికి రెండు మాటలు చెప్పే పని ఉంటుంది. ఒకటి, నీళ్ళు ఎంత ఉన్నాయి. రెండు, ఎవరు చూసుకుంటున్నారు.

అందుకే మన ఊహ కొంగ రాతి వెనక వైపు ఖాళీగా వదలాలి. అక్కడ దాతల పేర్లు, ఆవిష్కరించిన వాళ్ళ పేర్లు చెక్కకూడదు. ఏటా ఉగాదికి నీటి మట్టం ఎక్కడుందో ఒక గీత, పక్కన ఆ ఏడు. అంతే. ఆ గీత గీయడం దగ్గరి బడి పిల్లల పని. గీత కిందికి దిగితే ఊరు కూర్చుని మాట్లాడుకోవాలి, కాలువలో ఏం అడ్డం ఉంది, పూడిక ఎప్పుడు తీశాం అని. ఎల్బా నదిలో వాళ్ళు నాలుగు వందల ఏళ్ళ కిందట చేసిన పనిని మనం ఏటా చేస్తామన్నమాట.

ఇంత చదివాక ఇదంతా ఎవరు పెడతారు, డబ్బెవరిస్తారు అని మీరు అడుగుతారు. నాకు తెలియదు. కానీ గీత గీయడానికి 9 టన్నుల రాయి కూడా అక్కర్లేదు. మీ ఊరి చెరువు తూము దగ్గర ఒక రాతి స్తంభం ఉండే ఉంటుంది. ఈ ఉగాది సెలవులకు ఇంటికి పోయినప్పుడు నీళ్ళు ఎక్కడిదాకా ఉన్నాయో చూసి, ఊరి పేరుతో, తేదీతో చీటీ మీద రాసి తెచ్చి ఈ గోడ పత్రిక కింద పెట్టండి. నేను మా అవ్వ వాళ్ళ ఊరిది తెస్తాను. వచ్చే సంచికలో అన్నీ ఒక పట్టికగా వేద్దాం. వచ్చే ఏడు మన జూనియర్లు పక్కన ఇంకొక వరుస రాస్తారు.